ప్రకృతి సాక్ష్యం చెప్పని చోట: టెన్నిసన్ ‘ఇన్ మెమోరియమ్’ను చదివే తీరు

పంటికీ గోటికీ నెత్తురంటిన ప్రకృతి అనే మాట ఇంగ్లీషు చదివినవాళ్ల నోట తరచుగా వినిపిస్తుంది. అడవిలో బలవంతుడిదే రాజ్యమని చెప్పవలసి వచ్చినప్పుడు, డార్విన్ సిద్ధాంతాన్ని ఒక్క ముక్కలో తేల్చెయ్యాలనుకున్నప్పుడు ఈ మాటే ముందు గుర్తుకొస్తుంది. దాన్ని డార్వినే అన్నాడని నమ్మేవాళ్లూ ఉన్నారు. నిజానికి అది ఇంగ్లీషు కవి ఆల్ఫ్రెడ్ టెన్నిసన్ 1850లో అచ్చు వేయించిన ‘ఇన్ మెమోరియమ్’ అనే సుదీర్ఘ స్మృతికావ్యంలో 56వ ఖండికలోది. జాతుల పుట్టుక గురించిన డార్విన్ గ్రంథం 1859లో వెలువడింది, అంటే అప్పటికి కావ్యం వచ్చి తొమ్మిదేళ్లయింది. పైగా ఆ మాట కావ్యంలో కవి ఇచ్చిన తీర్పు కాదు. ఒక పొడవాటి ప్రశ్న నడుమ, అడిగేవాడికే గొంతు పెగలని చోట, దారిలో వచ్చిపోయే ఉపవాక్యం. ఈ కావ్యం నుంచి విడదీసి వాడుకలోకి తెచ్చుకున్న దాదాపు ప్రతి మాటకూ ఇదే గతి పట్టింది. ఎవరినీ ప్రేమించకుండా ఉండిపోవడం కన్నా ప్రేమించి పోగొట్టుకోవడమే మేలన్న 27వ ఖండికలోని మాట కూడా ప్రేమ విఫలమైనవాళ్లను ఓదార్చే సూక్తిగా మారిపోయింది. అది చనిపోయిన స్నేహితుణ్ణి తలచుకుంటూ చెప్పిన మాటని గుర్తున్నవాళ్లు తక్కువ.

విడి మాటలుగా ఇంత సులభంగా చలామణీ అయ్యే కావ్యం మొత్తంగా చదవబోతే మాత్రం లొంగదు. ముందొక ప్రస్తావన, చివరొక పరిశిష్ట గీతం, మధ్యలో 131 ఖండికలు, అన్నీ కలిపి సుమారు 2,900 పాదాలు. కొన్ని ఖండికలు మూడు చరణాల్లో ముగుస్తాయి, కొన్ని పేజీలు దాటతాయి. ఒకచోట దేవుడి దయ మీద భరోసా కనిపిస్తుంది, రెండు పేజీల తరువాత ఆ భరోసా ఆనవాలు కూడా ఉండదు, మరో పాతిక ఖండికలు గడిచాక అది వేరే రూపంలో తిరిగి వస్తుంది. కవి ఆస్తికుడా, సంశయవాదా, చివరికి ఏ పక్షం తేల్చాడు అని వెతుక్కుంటూ చదివే పాఠకుడికి కావ్యం తనతో తానే విభేదిస్తున్నట్టు కనిపించి విసుగు పుడుతుంది. ఆ విసుగుకు కారణం కావ్యంలో కన్నా, దాన్ని ఒక వాదంగా చదవబోవడంలో ఉంది.

ఈ కావ్యానికి మూలం ఒక మరణం. చరిత్రకారుడు హెన్రీ హాలం కుమారుడు ఆర్థర్ హెన్రీ హాలం 1811లో పుట్టాడు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో టెన్నిసన్‌కు పరిచయమయ్యాడు. అపాసిల్స్ అనే చర్చా బృందంలో ఇద్దరూ సభ్యులు. టెన్నిసన్ కవిత్వాన్ని తొలినాళ్లలోనే మెచ్చి, దాని గురించి పత్రికలో రాసినవాడు హాలమే. తరువాత టెన్నిసన్ చెల్లెలు ఎమిలీతో పెళ్లి నిశ్చయమై ఆ ఇంటి మనిషయ్యాడు. తండ్రితో కలిసి యూరప్ పర్యటనలో ఉండగా, 1833 సెప్టెంబరు 15న, వియన్నాలో ఉన్నట్టుండి చనిపోయాడు. మెదడులో నెత్తురు గూడు కట్టడమే కారణమన్నారు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు, టెన్నిసన్‌కు ఇరవై నాలుగు. శవపేటికను ట్రియెస్ట్ రేవులో ఓడకెక్కించి ఇంగ్లండుకు తెచ్చి, 1834 జనవరిలో, సెవెర్న్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా క్లీవ్‌డన్ చర్చిలో సమాధి చేశారు. 9 నుంచి 17 దాకా ఖండికలు ఆ ఓడ చుట్టూ తిరుగుతాయి. కెరటాలు అణగి ఉండాలని, గాలి మెల్లగా వీయాలని, ఆకాశంలో చుక్కలు చుట్టూ వెలగాలని కవి ప్రార్థిస్తాడు. చెబితే ప్రకృతి వింటుందన్న నమ్మకం అప్పటికి ఇంకా ఉంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే ముందుకు వెళ్లాక పనికొస్తుంది.

వార్త తెలిసిన కొద్ది వారాల్లోనే మొదటి ఖండికలు పుట్టాయి. అక్కడి నుంచి పదహారు, పదిహేడేళ్లపాటు వేరు వేరు ఊళ్లలో, వేరు వేరు మనఃస్థితుల్లో అవి పేరుకుంటూ వచ్చాయి. వీటన్నిటినీ కలిపి ఒక కావ్యంగా అల్లాలన్న ఆలోచన తనకు మొదట లేదని, ఇన్ని రాసేశానని గమనించాకే అది కలిగిందని టెన్నిసన్ తరువాత చెప్పుకున్నాడు. కావ్యంలో ఇప్పుడు కనిపించే వరస రాసిన వరస కాదు. దాదాపు పదిహేడేళ్ల కాలాన్ని మూడేళ్లలోకి కుదించి, మూడు క్రిస్మస్ పండుగల్ని స్తంభాల్లా నిలబెట్టి, వాటి మధ్య ఖండికల్ని పేర్చాడు. మొదటి క్రిస్మస్ 28వ ఖండికలో మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు పండుగ ఆటలు ఆడబోయి, ఎవరో చూస్తున్నట్టనిపించి ఆగిపోతారు. రెండోది 78లో, కన్నీరు బయటికి రాకుండా గడిచిపోతుంది. మూడోది 104, 105లో వచ్చేసరికి ఆ కుటుంబం పుట్టిన ఊరు సోమర్స్‌బీని వదిలేసి కొత్త ఇంట్లో ఉంది, చుట్టూ వినిపించే చర్చి గంటలు కూడా తెలిసిన గంటలు కావు. చదవడం మొదలుపెట్టేవారికి నా మొదటి సూచన ఈ మూడు ఘట్టాల్నీ ముందు చదివి గుర్తు పెట్టుకోమనే. ఎక్కడ ఉన్నామో తెలియకుండా పోయే ప్రమాదం దాంతో చాలావరకు తప్పుతుంది.

ఇక చరణం సంగతి. కావ్యమంతా ఒకటే అచ్చు: చరణానికి నాలుగు పొట్టి పాదాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు. మన పద్యంలో ప్రాస పాదం మొదట రెండో అక్షరం దగ్గర పడుతుంది కనుక చెవి అక్కడే కాచుకుని ఉంటుంది. ఇంగ్లీషులో అది పాదం చివర. ఇక్కడ రెండో పాదానికీ మూడో పాదానికీ అంత్యప్రాస వెంటనే కుదురుతుంది, మొదటి పాదానికి జత మాత్రం నాలుగోదాకా దొరకదు. దొరికేసరికి చెవి దాన్ని దాదాపు మరచిపోయి ఉంటుంది. అంటే ప్రతి చరణమూ ఒక అడుగు ముందుకు వేసి, మధ్యలో కాస్త బిగుసుకుని, బయల్దేరిన ధ్వని దగ్గరికే తిరిగి వస్తుంది. ఈ చరణాన్ని తానే కనిపెట్టానని టెన్నిసన్ అనుకున్నాడు కానీ పదిహేడో శతాబ్దంలో బెన్ జాన్సన్ వంటివారు వాడినదే. అయితే కొన్ని వందల సార్లు వరసగా వాడి, దాన్ని ఒక మనసు కదిలే పద్ధతిగా మార్చింది మాత్రం ఈ కావ్యమే. దుఃఖంలో ఉన్న మనిషి ఆలోచన కూడా అలాగే నడుస్తుంది కదా. లోతుగా చూస్తే ఖండికల మధ్య సంబంధం కూడా ఇదే: ఒకటి అన్నదాన్ని తరువాతది వెనక్కి తీసుకుంటుంది, చాలా దూరం పోయాక మరొకటి దానికి జత కలుపుతుంది.

ఆ దూరపు జతలకు మంచి ఉదాహరణ 7వ ఖండిక. తెల్లవారకముందే, నిద్ర పట్టని కవి లండన్‌లోని వింపోల్ స్ట్రీట్‌లో హాలం ఇంటి ముందు నిలబడి ఉంటాడు. చీకటి ఇల్లు, అందంలేని పొడవాటి వీధి, ఒకప్పుడు స్నేహితుడి చేతి కోసం గుండె కొట్టుకుంటూ ఎదురుచూసిన తలుపులు. అతను ఇక్కడ లేడు, దూరంగా బతుకు చప్పుడు మళ్లీ మొదలవుతోంది, తుంపర వానలోంచి తెల్లవారుతోంది. చివరి పాదాన్ని ఇంగ్లీషులోనే వినాలి: ‘ఆన్ ది బాల్డ్ స్ట్రీట్ బ్రేక్స్ ది బ్లాంక్ డే.’ బకారం మూడు సార్లు మొద్దుబారిన దెబ్బలా పడుతుంది. పగలు విచ్చుకోలేదు, పగిలింది. ఎక్కడా దేవుడి ప్రస్తావన లేదు, ఓదార్పు లేదు. ఇదే తలుపుల దగ్గరికి 119వ ఖండికలో కవి మళ్లీ వస్తాడు. ఊరు నిద్రపోతూ ఉంటుంది, కానీ ఈసారి వీధిలో పచ్చికబయలు వాసన తగులుతుంది, పిట్టలు కూస్తాయి, స్నేహితుడి చేతిని మనసులోనే అందుకుంటాడు. వీధి మారలేదు. ఏ కొత్త రుజువూ దొరకలేదు. ఈ రెండు ఖండికల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, నడుమ నూట పదకొండు ఖండికల్లో ఏం జరిగిందో తెలుసుకోవాలన్న ఆసక్తి దానంతట అదే కలుగుతుంది.

జరిగినదాంట్లో ముఖ్యమైనది ప్రకృతితో తగాదా. అందుకు శోకం ఒక్కటే కారణం కాదు, ఆ కాలంలో ఇంగ్లండులో భూగర్భశాస్త్రం తెచ్చిన అలజడి కూడా ఉంది. అంతకు ముందు తరం చదువుకున్న క్రైస్తవులకు విలియం పేలీ 1802లో రాసిన గ్రంథం ఒక పెద్ద ఆసరా. గడియారం కనిపిస్తే దాన్ని చేసినవాడు ఉన్నాడని ఒప్పుకుంటాం కదా, అలాగే కంటి నిర్మాణం, పక్షి రెక్క చూసి సృష్టికర్త ఉన్నాడని గ్రహించాలన్నది ఆయన వాదం. ప్రకృతే దేవుడికి సాక్షి. 1830, 1833 మధ్య మూడు సంపుటాలుగా వచ్చిన చార్లెస్ లైయెల్ భూగర్భశాస్త్ర గ్రంథం ఆ సాక్షి చేత మరో రకంగా మాట్లాడించింది. కొండలు, లోయలు ఏదో ఒక మహాప్రళయంలో ఏర్పడినవి కావని, ఇవాళ మన కళ్ల ముందు జరిగే వాన కోత, నది మేట, అగ్నిపర్వతాల పొంగు వంటివే ఊహకందని కాలంపాటు పనిచేసి నేల రూపాన్ని మార్చాయని లైయెల్ చూపించాడు. ఆ కాలంలో జాతులకు జాతులే పుట్టి అంతరించాయి; వాటి ఆనవాళ్లు రాళ్లలో ఉన్నాయి. టెన్నిసన్ 1837లో ఈ గ్రంథంలో మునిగిపోయి ఉన్నాడని అతని కుమారుడు రాసిన జీవితచరిత్ర చెబుతుంది. ఆ కుమారుడి పేరు కూడా హాలమే.

ఈ నేపథ్యంతో 54, 55, 56 ఖండికల్ని ఒకే కూర్చోవడంలో చదవాలి. విడివిడిగా చదివితే మూడూ అందంగానే ఉంటాయి, కలిపి చదివితే ఒక మనిషి కాళ్ల కింద నేల ఎలా జారిపోతుందో కనిపిస్తుంది. 54లో ఒక ఆశ: చెడు కూడా ఏదో విధంగా చివరికి మంచిలో కలుస్తుంది, ఏ ప్రాణీ గమ్యం లేకుండా నడవదు, ఒక పురుగు తెగినా, ఒక చిమ్మట దీపంలో మాడినా ఊరికే పోదు. వినడానికి ఇది దృఢ విశ్వాసంలా ఉంటుంది. కానీ వాక్యం మొదలైందే ‘అయినా నమ్ముతూనే ఉన్నాం’ అన్న బలహీన ధోరణిలో; ‘ఏదో విధంగా’ అన్న మాట మొదటి పాదంలోనే కూర్చుంది. నాలుగో చరణంలో మనకు ఏమీ తెలియదని ఒప్పుకుంటాడు, మంచి అందరికీ దక్కుతుందన్న చోట ‘చివరికి, ఎక్కడో దూరాన, చివరికి’ అని తడబడతాడు. ఆఖరి చరణంలో అదంతా తన కల అంటాడు. అలా కలగనే తను ఎవరు? చీకట్లో ఏడ్చే పసివాడు, వెలుతురు కోసం ఏడ్చే పసివాడు, ఏడుపు తప్ప వేరే భాష తెలియనివాడు.

55వ ఖండిక ఆ కలను ప్రశ్నిస్తుంది. ఏ ప్రాణమూ సమాధితో ముగిసిపోకూడదన్న కోరిక మనలో ఉంది. ఆ కోరిక మనలోని దైవాంశ నుంచే వచ్చి ఉండాలి. మరి ప్రకృతి చూపించేది అలా లేదే? దేవుడికీ ప్రకృతికీ పోరా? ప్రకృతి జాతిని జాగ్రత్తగా కాపాడుతుంది, ఒక్కొక్క ప్రాణిని మాత్రం లెక్కచెయ్యదు. యాభై విత్తనాల్లో తరచుగా ఒక్కదాన్నే ఫలించనిస్తుంది. హాలం ఆ మిగిలిన నలభై తొమ్మిదిలో ఒకడని కవి అనడు, అనవలసిన అవసరం లేదు. ఇక్కడే ఆ ప్రసిద్ధ దృశ్యం వస్తుంది: చీకట్లోంచి దేవుడి వైపు ఎక్కే మెట్ల మీద కవి తూలి పడి, అవిటి చేతులతో తడుముకుంటూ, దుమ్మూ పొట్టూ పోగు చేసుకుంటూ, అంతటికీ ప్రభువని తాను అనుకునేదాన్ని పిలుస్తాడు. ఒకప్పుడు గట్టిగా అడుగు వేసిన చోటే ఇప్పుడు తడబడుతున్నానంటాడు. చివరికి మిగిలిన నమ్మకానికి విశేషణం ‘నీరసంగా’.

55 చివర మనకు కనీసం జాతి మిగిలింది. 56 మొదటి పాదం దాన్ని కూడా లాగేసుకుంటుంది. జాతినైనా జాగ్రత్తగా చూస్తుందా? లేదు. కోసిన కొండచరియలోంచి, తవ్విన రాతిగనిలోంచి ప్రకృతి అరుస్తుంది: వేల జాతులు పోయాయి, నాకు దేని మీదా పట్టింపు లేదు, అన్నీ పోతాయి. భూగర్భశాస్త్రవేత్త శిలాజాల కోసం తవ్వే చోటే కవికి ఈ గొంతు వినబడింది. ఆ తరువాత మనిషి గురించిన ప్రశ్న మొదలవుతుంది. అతనూ అలాగే పోతాడా అని రెండో చరణం చివర ఎత్తుకున్న వాక్యం పది పాదాలు దాటితే గాని క్రియను చేరదు. మధ్యలో అంతా మనిషి వర్ణనే: ప్రకృతి చేసిన చివరి పని, కళ్లలో ఏదో ఉదాత్త లక్ష్యం ఉన్నవాడు, చలికాలపు ఆకాశానికి కీర్తనలు పంపినవాడు, ఫలించని ప్రార్థనల కోసం గుళ్లు కట్టుకున్నవాడు, దేవుడంటే ప్రేమేనని, సృష్టికి అంతిమ ధర్మం ప్రేమేనని నమ్మినవాడు. పంటికీ గోటికీ నెత్తురంటిన ప్రకృతి ఆ నమ్మకానికి ఎదురు తిరిగి అరిచిందన్నది ఈ వరసలోనే వస్తుంది. ఇన్ని గుణాలు పోగేసిన తరువాత క్రియ వస్తుంది: ఎడారి దుమ్ములో కొట్టుకుపోవడమా, ఇనుప కొండల్లో ముద్ర పడి ఉండిపోవడమా? వాక్య నిర్మాణమే ఇక్కడ వాదన. మనిషి గొప్పతనాన్ని ఎంత ఎత్తుకు పేర్చితే ఆ దుమ్ము అంత కింద ఉంటుంది. అలా అయితే తొలి కాలపు బురదలో ఒకదాన్నొకటి చీల్చుకున్న రాక్షసబల్లులే మనిషి కన్నా నయం, వాటి బతుకులో వైరుధ్యం లేదు అంటాడు.

దీనికి జవాబు ఏమిచ్చాడు? ఇవ్వలేదు. జవాబు తెర వెనకే ఉందని రెండు సార్లు అని ఆగిపోయాడు. 57వ ఖండిక ‘ఊరుకో, వచ్చేయ్’ అన్న మాటతో మొదలవుతుంది. ఇలా పిచ్చిగా పాడితే చనిపోయినవాడికే అన్యాయం చేసినట్టని, వెళ్లిపోదామని పిలుస్తాడు. వాదంగా చదివేవారికి ఇది పలాయనంలా కనిపిస్తుంది. నా మటుకు కావ్యంలో అత్యంత నిజాయితీ కలిగిన మలుపు ఇదే. శోకంలో ఉన్నవాడు ఒక ప్రశ్నను ఎంత దూరం మోయగలడో అంత దూరం మోసి, తెగకుండానే కింద పెట్టేశాడు. 56వ ఖండికలోని ప్రశ్నను ఆ తరువాత ఎక్కడా ఎవరూ ఖండించరు. ముందుకు పోయేకొద్దీ కవి చేసేది వేరు: ప్రకృతిని సాక్షుల బోనులోంచి దింపేస్తాడు.

దానికి ముందు 95వ ఖండిక ఉంది. ఎండాకాలపు రాత్రి ఇంటివాళ్లంతా పచ్చిక మీద కూర్చున్నారు. గాలి లేదు కనుక కొవ్వొత్తులు కదలకుండా వెలుగుతున్నాయి, కీచురాయి కూడా అరవడం లేదు, దూరంగా ఏరు వినిపిస్తోంది, బల్ల మీద టీ కాగే పాత్ర సన్నగా చప్పుడు చేస్తోంది. చీకట్లో తెల్లటి ఆవులు మసకగా కనిపిస్తున్నాయి, చెట్లు పొలం చుట్టూ నల్లటి చేతులు వేసి ఉన్నాయి. ఒక్కొక్కరే లేచి లోపలికి వెళ్లిపోయాక కవి చనిపోయిన స్నేహితుడి ఉత్తరాలు తీసి చదువుతాడు. వాటిని రాలినా పచ్చదనం పోని ఆకులంటాడు. మాట వెంట మాట, పాదం వెంట పాదం, ఉన్నట్టుండి ఆ జీవాత్మ తన ఆత్మను మెరుపులా తాకినట్టు, ఆ వెలుగులో తాను తిరిగి లోకపు లోతైన నాడిని పట్టుకున్నట్టు అనుభూతి కలుగుతుంది. అయితే ఆ వెలుగు ఎంతోసేపు నిలవదు. సందేహం తగిలి తెగిపోతుంది. తెల్లవారుతూంటే అవే ఆవులు, అవే చెట్లు, దాదాపు అవే మాటల్లో మళ్లీ కనిపిస్తాయి. లోకం మారలేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? పైగా మొదటి ప్రతుల్లో ‘అతని ఆత్మ’ తనను తాకిందని ఉన్నచోట 1870లలో ‘ఆ ఆత్మ’ అని టెన్నిసన్ దిద్దాడు. అనుభవం కలిగిన మాట నిజమే, తాకింది హాలమో, అంతకన్నా పెద్దదేదో ఇన్నేళ్లకూ తేల్చుకోలేకపోయాడు.

దీని వెంటనే 96వ ఖండికలో సగం మతసిద్ధాంతాల్లో కన్నా నిజాయితీ గల సందేహంలోనే ఎక్కువ విశ్వాసం ఉందన్న మాట వస్తుంది. దీన్ని సంశయవాదులు తమ జెండా మీద రాసుకున్నారు. కానీ ఖండికలో ఆ సందేహి అక్కడే ఆగడు. తన భయాలతో పోరాడి, వాటిని ఎదురుగా నిలబెట్టి చూసి, చివరకు మరింత గట్టి నమ్మకాన్ని తనదిగా చేసుకుంటాడు. ఇక్కడ ఇంకొకటి చెప్పుకోవాలి. ఈ కావ్యంలో సందేహం మీద రాసిన ప్రతి పాదమూ ప్రాణం పెట్టి రాసినట్టుంటుంది. విశ్వాసం మీద రాసినవాటిలో కొన్ని ప్రసంగంలా తేలిపోతాయి. 118వ ఖండిక నాకు ఆ రెండో రకంగా తోస్తుంది. భూమి కాగిన ద్రవంగా మొదలై, మెల్లగా రూపం దాల్చి, చివరికి మనిషిని కన్నదని, మనిషి తనలోని కోతినీ పులినీ చంపుకుని పైకి ఎదగాలని అందులో అంటాడు. 1844లో రాబర్ట్ చేంబర్స్ పేరు చెప్పకుండా అచ్చు వేసిన సృష్టి చరిత్ర గ్రంథం కూడా ఇలాంటి వికాస దృష్టినే ప్రచారం చేసింది. టెన్నిసన్ ఆ పుస్తకం తెప్పించుకున్నాడు కూడా, కానీ తన ఖండికలు అంతకు ముందే రాసినవని కుటుంబం వాదన. ఎవరు ముందన్నది పక్కన పెడితే, 56లో రాతిగని నుంచి వినిపించిన అరుపుకు ఈ ప్రగతి కథ సరిపడే జవాబు కాదు. జాతి బాగుపడుతుందంటే పోయిన ఒక్కడు తిరిగి రాడు.

జవాబుకు దగ్గరగా వచ్చేవి 123, 124. 123లో లైయెల్ చెప్పిందంతా కవిత్వమైపోయింది. చెట్టు ఎదిగిన చోట సముద్రం దొర్లుతోంది, పొడవాటి వీధి హోరెత్తే చోట ఒకప్పుడు నడిసముద్రపు నిశ్చలత్వం ఉండేది, కొండలు నీడలు, అవి ఒక రూపంలోంచి మరో రూపంలోకి ప్రవహిస్తాయి, గట్టినేలలు మంచులా కరిగి మబ్బుల్లా ఆకారం మార్చుకుని వెళ్లిపోతాయి. 56లో భయపెట్టిన కాలమే ఇక్కడ దాదాపు సంగీతం. అయినా చివరి చరణంలో కవి దాని మీద ఆధారపడడు. తన ఆత్మలోనే నివసిస్తానని, తన కలనే నిజమని పట్టుకుంటానని అంటాడు. 124లో ఇంకా తెగేసి చెబుతాడు. దేవుణ్ణి లోకంలోనో సూర్యుడిలోనో, గద్ద రెక్కలోనో పురుగు కంటిలోనో తాను చూడలేదట. రెక్క, కన్ను అన్న ఉదాహరణలు పేలీ వాదం నుంచే వచ్చినవి, వాటిని పేరుపేరునా తోసేశాడు. ఇక నమ్మవద్దని ఏదో గొంతు చెప్పినప్పుడు హృదయం కోపం వచ్చిన మనిషిలా లేచి నిలబడి ‘నాకు అనుభవమైంది’ అందట. ఇక్కడితో ఆపేస్తే బాగా గంభీరంగా ఉండేది. మరుక్షణమే కవి సవరించుకుంటాడు: కాదు, భయంతో సందేహంతో ఏడ్చే పసివాడిలా అన్నాను, అయితే ఈసారి ఆ ఏడుపుకు తండ్రి దగ్గరున్నాడని తెలిసింది. 54లో చీకట్లో ఏడ్చిన పసివాడికి డెబ్బై ఖండికల తరువాత జత కుదిరింది.

అంటే విశ్వాసం నిలిచింది, కానీ ప్రకృతి నుంచి రుజువు తెచ్చుకోవడం మానేసి నిలిచింది. ఈ వేరుపడటమే కావ్యం చేసిన అసలు పని. ఆ వేరుపాటు సాగుతూండగానే ప్రకృతి మళ్లీ ప్రేమగా కనిపించడం మొదలవుతుంది. 115లో వసంతం వచ్చినప్పుడు అతని దుఃఖమే ఏప్రిల్ మాసపు వయొలెట్ పువ్వై మిగతావాటిలాగే మొగ్గ తొడుగుతుంది. 130లో హాలం గొంతు గాలిలో, పారే నీళ్లలో వినిపిస్తుంది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బరువు దిగిపోయాక గాలీ నీరూ గాలీ నీరుగానే దగ్గరయ్యాయి.

1850లో పుస్తకం కవి పేరు లేకుండానే వెలువడింది. ఎవరో సైనికాధికారి వితంతువు రాసి ఉంటుందని ఒక సమీక్షకుడు ఊహించాడట. ఆ ఏడాదే టెన్నిసన్ పెళ్లి చేసుకున్నాడు, వర్డ్స్‌వర్త్ మరణంతో ఖాళీ అయిన ఆస్థానకవి పదవీ అందుకున్నాడు. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణికి బైబిల్ తరువాత ఊరటనిచ్చింది ఈ కావ్యమే. ఒక తరం పాఠకులు దీన్ని అలా ఓదార్పు గ్రంథంగానే చదివారు. 1936లో కవి, విమర్శకుడు టి.ఎస్. ఎలియట్ దాన్ని తలకిందులు చేశాడు: ఇది మత కావ్యమైతే అందులోని విశ్వాసం వల్ల కాదు, సందేహపు నాణ్యత వల్ల, విశ్వాసం అందులో బలహీనమైనది, సందేహమే తీవ్రమైన అనుభవం అన్నాడు. పదునైన మాటే, సగం నిజం కూడా. కానీ 124లో కోపం వచ్చిన మనిషి పసివాడిగా మారే ఆ రెండు చరణాల్ని బలహీనమైన విశ్వాసమని నేననలేను. టెన్నిసన్ మాత్రం కావ్యం తనకన్నా ఎక్కువ ఆశావహంగా ఉందని మిత్రుడు జేమ్స్ నోల్స్‌తో అన్నాడు.

ఆ మాట పరిశిష్ట గీతానికి బాగా వర్తిస్తుంది. 1842లో చెల్లెలు సెసీలియా పెళ్లి అందులో విషయం. చావుతో మొదలైన కావ్యాన్ని పెళ్లితో ముగించి, పుట్టబోయే బిడ్డలో రాబోయే ఉన్నత మానవజాతిని చూసి, హాలంను ఆ జాతికి ముందే వచ్చినవాడిగా నిలిపి, సృష్టి అంతా కదిలి వెళ్లే ఒక దివ్య ఘటనను తలచుకుంటాడు. కొంత బలవంతపు సర్దుబాటు ఉంది. అయినా ఆ ఘటనకు వేసిన విశేషణం ‘దూరపు’ అన్నదే. 54లో తడబడ్డప్పుడు వాడిన మాట కూడా అదే.

ప్రస్తావనను నేను ఆఖరున చదవమంటాను. అది పుస్తకం మొదట్లో ఉన్నా రాసింది 1849లో, దాదాపు అంతా పూర్తయ్యాక. మొదట్లో చదివితే అది మామూలు ప్రార్థనా గీతం. మన చిన్న చిన్న సిద్ధాంతాలు వాటి రోజులు వెళ్లాక పోతాయన్న వినయం మాత్రమే కనిపిస్తుంది. 131 ఖండికలు దాటి వచ్చినవాడికి అందులో చివరి చరణాలు వేరేగా వినిపిస్తాయి. అక్కడ కవి దేవుణ్ణి క్షమాపణ కోరుతున్నాడు: పోయిన ఒక్కడి కోసం పడ్డ దుఃఖానికి, దారితప్పిన ఈ పిచ్చి కేకలకు, వృథా అయిన యౌవనపు గందరగోళానికి. ఆ తరువాత 1851లో ఒక ఖండికను, సుమారు 1870 నాటికి మరో ఖండికను కావ్యంలో చేర్చాడు, ఎన్నో మాటలు దిద్దాడు. క్షమించమన్న ఆ కేకలను, 54 నుంచి 56 దాకా, ఉన్నచోటే ఉండనిచ్చాడు.